ఆదిశేషమ్మ పులుసు

మైపాడుకు ఉత్తరంగా, సరుగుడు తోపులు దాటాక వచ్చే జాలర్ల పాళెంలో మగవాళ్ళకు తిండిని మెచ్చుకునే అలవాటు లేదు. ఉప్పు తక్కువైతే అరుస్తారు. పులుపు ఎక్కువైతే కంచం పక్కకు నెడతారు. ఏమీ అనకుండా చేయి కడుక్కున్నారంటే వంట కుదిరిందని ఆడవాళ్ళే తెలుసుకోవాలి. కామమ్మ కాపరానికి వచ్చి పద్నాలుగేళ్ళయింది. మొదట్లో ఆమె మొగుడు చిన్నపోలయ్య కూడా అందరిలాగే అరిచేవాడు. ఇప్పుడు అరిచి ఏడాది దాటింది. అందువల్ల తన చేతి పులుసు మీద కామమ్మకు ఏ అనుమానమూ లేదు.

అలాంటి మనిషి అరవై మూడో సంవత్సరం ఫాల్గుణంలో ఒకనాడు పొద్దుగూకే వేళ ఇంటికి వచ్చి, తలగుడ్డ విప్పి దులుపుతూ, "అబ్బ! ఏం పులుసే అది!" అన్నాడు.

కామమ్మ బియ్యం ఏరుతూ తలెత్తింది. "ఏ పులుసు?"

"అదే, షూటింగు కాడ. ఆదిశేషమ్మని, ఎంకటాచలం నించి వచ్చిందంట వండను. చెయ్యి కడుక్కోబుద్ది కాలేదనుకో."

చిన్నపోలయ్య ఇంట్లో అన్ని మాటలు కలిపి మాట్లాడి చాలా రోజులైంది. కామమ్మకు ముందు ఆ గొంతు విని ఆశ్చర్యం కలిగింది. ఆ గొంతు ఎందుకు పెగిలిందో తెలిశాక రాళ్ళతోపాటు గింజలు కూడా ఏరి పారేసింది.

మద్రాసు నుంచి సినిమా కంపెనీ వచ్చి అప్పటికి రెండు రోజులు. ఏదో పడవవాడి కథట. అలల మీద తెప్ప వేసుకుని హీరో పోవాలి. హీరోకు ఈత రాదు, తెప్ప మీద నిలబడటం అసలే రాదు. కనుక హీరో చొక్కా చిన్నపోలయ్యకు తొడిగి, వెనకనుంచి చిత్రం తీస్తున్నారు. పాళెంలో మరో పదిమందికి తెప్పలు నెట్టే పని, వల లాగే పని దొరికింది. కంపెనీ తరఫున అన్నీ చూసుకునే చెంగయ్య నెల్లూరు మనిషి. మద్రాసు నుంచి వంటవాళ్ళను తేకుండా, పెళ్ళిళ్ళకు వండే ఆదిశేషమ్మను మాట్లాడి తెచ్చింది ఆయనే. తోపులో ఇసుక తవ్వి గాడిపొయ్యి పెట్టించాడు.

ఆదిశేషమ్మ వచ్చిన పూటే ఒక మాట చెప్పిందట. హీరోకు ఒక వంట, తెప్పలవాళ్ళకు ఒక వంట తన చేత కాదని. ఒకటే కుండ, ఒకటే గరిటె, అందరికీ ఆకులే. ఆ మాట పాళెమంతా పాకింది. ఆమె అన్నం తిన్న మగవాళ్ళు ఇళ్ళకు వచ్చి ఆ మాటతోపాటు పులుసు సంగతి కూడా చెప్పారు.

"మన తెప్పలో పడిన చేపే గదా ఆమె వండేది?" అంది కామమ్మ.

"మన చేపే. పొద్దన్నే నేనే ఇచ్చినా."

"మెట్టూరామె. చెరువు చేప వండుకునే వాళ్ళకు సముద్రం చేప సంగతి ఏం దెలుసు?"

"ఏం దెలుసో నాకేం దెలుసు. తింటే తెలస్తాది," అంటూ చిన్నపోలయ్య పంచె చెరగులోంచి ఆకు పొట్లం తీశాడు. "నీకని అడిగి తెచ్చినా. ఏపుడు ముక్క."

కామమ్మ చేయి చాపలేదు. అప్పుడు అతనికి గుర్తొచ్చింది.

వాళ్ళ కూతురు మాలకొండమ్మ అంతకు పదహారు నెలల ముందు, కార్తీకంలో పోయింది. పదకొండేళ్ళ పిల్ల. వానల్లో వాంతులూ భేదులూ పట్టుకుని, దోవ తెగి, నెల్లూరు ఆసుపత్రికి చేర్చేసరికి ఒంట్లో నీళ్ళన్నీ పోయాయి. ఆ పిల్లకు చేపంటే ప్రాణం. కర్మ అయిన మరునాటి నుంచి కామమ్మ చేప ముట్టలేదు. మొగుడికి వండి పెడుతుంది, తను గంజిలోకి ఎర్రగడ్డ నంజుకుంటుంది.

"మర్సిపోయినా," అన్నాడు చిన్నపోలయ్య.

"మర్సిపోతావు. అంత రుచైన పులుసు తిన్నోడికి ఏం గుర్తుంటాదిలే."

పొట్లం పక్కింటి ముసలమ్మ పిల్లలకు పోయింది. ముసలమ్మ అన్నది పేరే, ఈడు కామమ్మదే.

మరునాడూ అదే వరస. ఆదిశేషమ్మ చింతపండు ఎట్లా నానేస్తుందో, మామిడికాయ ముక్క ఎప్పుడు వేస్తుందో చిన్నపోలయ్య చెప్పుకొచ్చాడు. పద్నాలుగేళ్ళుగా తన పెళ్ళాం మామిడికాయ ఎప్పుడు వేస్తుందో ఆ మనిషికి తెలియదు. ఆ రాత్రి కామమ్మ వంజరం ముక్కల పులుసు పెట్టి, ఎదురుగా కూర్చుని అతని మొహం వంకే చూసింది. అతను తల దించుకుని తిన్నాడు. రెండు చెంబుల నీళ్ళు తాగాడు. మజ్జిగ ఉందా అని అడిగాడు.

"ఎట్టుండాది?" అంది. అలా అడగటం కాపరంలో అదే మొదలు.

"బాగుండాది," అన్నాడు కుండ వైపు చూస్తూ.

ఆ మాట కామమ్మకు ఆనలేదు. 'అబ్బ' అన్న నోరు 'బాగుండాది' అంటే సరిపోతుందా? ఒక మాట ఒకరికి పళ్ళెంలో పెట్టి ఇచ్చి, ఇంకొకరికి చేతులు దులిపి ఇచ్చినట్టుంది.

నాలుగో రోజు నీళ్ళకు పోయినప్పుడు ముసలమ్మ అంటించింది. "ఏమ్మే, వెనకనించి చూస్తే నీ మొగుడు హీరో అంటగదా!"

"ముందు నించి చూసేది నేనేలే."

"ఏమో, ఆ వంటామె గూడా ముందు నించే చూస్తా ఉండాది. మా ఇంటాయన చెప్పినాడు. షూటింగు లేనప్పుడల్లా పొయ్యి కాడే ఉంటాడంట, కట్టెలు చీలస్తా."

"పోనీ. చీలిస్తే చేతులేం అరగవు."

"పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరకనే అన్నారా?"

కామమ్మ నవ్వేసి బిందె ఎత్తుకుంది. ఇంటికి రాగానే ఆ బిందె కింద పెట్టి, చెరగు దోపుకుని తోపు వైపు నడిచింది.

సరుగుడు మానుల వెనక నిలబడితే పొయ్యి బాగా కనిపించింది. ఆదిశేషమ్మ పొడగరి. వయసు నలభై లోపే. నుదుటి మీద బొట్టు లేదు, భుజాన తువ్వాలు ఉంది. మనిషిలో తొందర లేదు. ఇద్దరు పనివాళ్ళు అటూ ఇటూ పరుగెత్తుతుంటే ఆమె మాత్రం గరిటె పట్టుకుని కుండలోకి చూస్తూ నిలబడింది. కాస్త దూరంలో హీరో చొక్కా తొడుక్కుని చిన్నపోలయ్య కట్టెలు చీలుస్తున్నాడు. ఆమె ఏదో అంది. అతను గొడ్డలి ఆపి నవ్వాడు.

మాలకొండమ్మ పోయినాక తన మొగుడి పళ్ళు కామమ్మ చూసింది అప్పుడే. తను పద్నాలుగేళ్ళ కాపరం చేసి, బిడ్డను కని, మట్టిలో పెట్టి, పదహారు నెలలుగా పొయ్యి ముందు కూర్చుని తీసుకురాలేకపోయిన నవ్వు అది. ఎవరో వెంకటాచలం మనిషి నాలుగు రోజుల్లో గరిటెతో తోడి పోసింది.

ఆమెను తిట్టుకుందామంటే తిట్టు దొరకలేదు. ఆ మనిషి కొంగు సరిగానే ఉంది, చూపు కుండలోనే ఉంది. అది ఇంకా మంటగా ఉంది.

ఆ సాయంత్రం చిన్నపోలయ్య ఇంకో కబురు తెచ్చాడు. ఎల్లుండితో షూటింగు ఆఖరు. ఆ మధ్యాహ్నం పాళెంలోని ఆడవాళ్ళూ పిల్లలూ కూడా వచ్చి తోపులో భోంచెయ్యాలని చెంగయ్య చెప్పాడట.

"నేనూ వస్తా," అంది కామమ్మ.

"నువ్వా? ఆడ అంతా చేపే గదా."

"తినేదానికి కాదు. నా పులుసు తెస్తా. తిన్నోళ్ళు చెప్తారు ఎవరి చెయ్యి ఎట్టాంటిదో."

చిన్నపోలయ్య చేతిలోని వల కిందపెట్టాడు. "వద్దు," అన్నాడు.

"ఎందుకొద్దు?"

"వద్దంటే వద్దు. ఆడ అరవై మందికి వండతాండారు, నీ కుండ ఎందుకు మజ్జెన."

"నా కుండ ఆమె కుండ పక్కన పెడితే నీకు తలవంపులా?"

అతను ఏమీ అనలేదు. ఆ పాళెంలో ఏమీ అనకపోవటానికి ఉన్న అర్థం వంట వరకే. కామమ్మ ఈ మౌనానికి వేరే అర్థం తీసుకుంది.

ముందు రోజు మధ్యాహ్నమే ఆమె పులుసు పెట్టింది. చేపల పులుసు ఒక రాత్రి నిలవ ఉంటేనే ముక్కకు పులుపు పడుతుంది. పెద్ద వంజరం తెచ్చి, ఉప్పూ పసుపూ పట్టించి కడిగి, మామిడికాయలు చెక్కు తీయకుండా కోసి, మట్టికుండలో సన్నని సెగ మీద ఉడికించింది. నూనె పైకి తేలింది. రంగు చూస్తే ముసలమ్మ కూడా నోరు మూసుకుంది. మరునాడు పొద్దెక్కాక ఆ కుండ నెత్తిన పెట్టుకుని తోపుకు పోయింది.

ఆదిశేషమ్మ ఎదురొచ్చి కుండకు చేయి సాయం పట్టింది. "పోలయ్యన్న భార్యవా? నీ ఊళ్ళో నేను వండతా ఉంటే నాకే సిగ్గుగా ఉండాది అమ్మణ్ణీ. మంచిదైంది, నీ చెయ్యి గూడా పడనీ. పైవరస నుంచి నువ్వే వడ్డించు."

ఆ మర్యాదకు కూడా కామమ్మకు ఒళ్ళు మండింది.

ఇసుకలో వరసలుగా ఆకులు వేశారు. పైవరసలో చెంగయ్య, కెమెరా మనిషి, ఇంకా మద్రాసు వాళ్ళు. కామమ్మ చెంగయ్య ఆకులో రెండు ముక్కలు వేసి, పులుసు పోసి, అక్కడే నిలబడింది. చెంగయ్య ఒక ముద్ద తిన్నాడు. నమిలాడు. గ్లాసెడు నీళ్ళు తాగాడు.

"బాగుందమ్మా," అన్నాడు. ఆయన పెద్దమనిషి.

కామమ్మ గుండె పొంగింది. అంతలో కింది వరసలోంచి చిన్నపోలయ్య లేచి, ఆకులు దాటుకుంటూ దాదాపు పరుగెత్తి వచ్చాడు. వచ్చి కుండ పట్టుకున్నాడు.

"ఇది వాళ్ళకొద్దు. నాకు గావాల," అన్నాడు.

"ఇదేందయ్యా! వదులు!"

"నా పెళ్ళాం నాకని వండింది. ఎవరికీ ఇయ్యను," అని గట్టిగా అంటూ కుండ లాక్కుని, దూరంగా ఒక మాను కింద కూర్చుని, అందులోంచే ముక్కలు తీసి తినసాగాడు.

వరసలన్నీ గొల్లుమన్నాయి. "పోలయ్యా, మాకొక ముక్కన్నా వెయ్యరా!" అని ఒకడు. "హీరోకు పెళ్ళాం మీద ప్రేమ ఎక్కువైంది," అని ఇంకొకడు. కామమ్మ మాత్రం నవ్వలేదు. ఖాళీ గరిటె పట్టుకుని అందరి మధ్యా నిలబడిపోయింది. తన పులుసు ఆదిశేషమ్మ పులుసు పక్కన ఆకులో పడకూడదని అతను పంతం పట్టినట్టే అనిపించింది. తిన్నగా మాను దగ్గరకు పోయింది.

"ఆమె చెయ్యి తియ్యనైంది. నా చెయ్యి దాచిపెట్టుకోవాల్సినంత చేదైందా?"

చిన్నపోలయ్య నోటినిండా పెట్టుకుని తింటున్నాడు. కళ్ళలో నీళ్ళున్నాయి. కారానికేమో అనుకుంది. "గమ్మునుండే," అన్నాడు. "తిననీ."

అప్పటికి ఆదిశేషమ్మ చెంగయ్య ఆకు చూసింది. రెండు ముక్కలూ ఆకు అంచు కింద మడిచి ఉన్నాయి. ఆమె ఆ ఆకులోని పులుసు వైపు ఒకసారి చూసి, మాను దగ్గరకు వచ్చి కామమ్మ చేతిలోంచి గరిటె తీసుకుంది. గరిటెకు అంటిన పులుసు వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంది. ఆ తర్వాత కామమ్మ భుజం పట్టుకుని పొయ్యి వెనక్కు తీసుకుపోయింది.

"దీన్ని ఎవరు రుచి చూసినారు అమ్మణ్ణీ?"

"ఎవరు జూడాల? నేను చేప ముట్టను."

"ముట్టవు సరే. నేను గూడా వండేటప్పుడు నోట్లో వేసుకోను. అదో, నీళ్ళు మోసే ఆ పిల్లోడి నాలిక నాకు ఆధారం. నీ ఇంట్లో ఎవరు చూస్తారు?"

కామమ్మ ఆ పిల్లోడి వైపు చూసింది.

మాలకొండమ్మ చూసేది. పిల్లకు ఆరేళ్ళప్పటి నుంచీ అదే దాని పని. గరిటెతో అరచేతిలో పులుసు వేయించుకుని, ఊదుకుని, నాకి, పెద్ద ఆరిందాలాగా కళ్ళు మూసుకుని తీర్పు చెప్పేది. చాల్లేదమ్మా. ఇంకాస్త. ఇంక చాలు. చేప కడిగేటప్పుడు పట్టించిన ఉప్పు ముక్కలో ఎంత నిలిచిందో కంటికి తెలియదు. అందుకే పులుసులో వేసే రెండో ఉప్పు ఎప్పుడూ పిల్ల మాట మీదే పడేది. పిల్ల పోయినాక కామమ్మ ఆ రెండో ఉప్పు చేతికి వచ్చినంత వేస్తోంది.

"మా పిల్ల చూసేది," అంది. "పోయింది."

ఆదిశేషమ్మ అయ్యో అనలేదు. కాసేపు నిప్పులు ఎగదోసింది. "ఉప్పు కషాయంగా ఉండాది," అంది మెల్లిగా. "ఎప్పుడు పోయింది బిడ్డ?"

"పదారు నెలలు."

ఆదిశేషమ్మ తలెత్తి మాను కింద తింటున్న మనిషి వైపు చూసింది. కామమ్మ కూడా చూసింది. రెండేసి చెంబుల నీళ్ళు, రోజూ అడిగే మజ్జిగ, ఎప్పుడూ కుండ వైపు తిరిగి ఉండే చూపు, అన్నీ ఒక్కొక్కటే వచ్చి ఎదురుగా నిలబడ్డాయి.

"మొదటి రోజు తిన్నాక నన్నొక మాట అడిగినాడు," అంది ఆదిశేషమ్మ. "ఉప్పు ఇట్టా సరిగ్గా ఎట్టా పడతాదక్కా, అని. ఇదేం ప్రశ్న అని నవ్వినా. కట్టెలు చీలస్తా రోజూ అదే అడుగుతాడు. ఎంత ముక్కకు ఎంత ఉప్పు, కడిగినాక ఎంత నిలుస్తాది, అని. ఇంట్లో చెప్తాడేమో అనుకున్నా."

కామమ్మకు అప్పటిదాకా ఉన్న మంట చల్లారలేదు, చోటు మారింది. పులుసును మెచ్చుకున్నందుకు కాదు, నవ్వినందుకు కూడా కాదు. తనతో చెప్పాల్సిన మాట ముక్కూ మొహం తెలియని మనిషితో చెప్పాడు. ఆదిశేషమ్మకు నిజం దక్కింది. తనకు దక్కింది 'బాగుండాది'.

సాయంత్రానికి కంపెనీ లారీలు పోయాయి. చిన్నపోలయ్య ఇంటి ముందు కూర్చుని వల చిక్కు తీస్తున్నాడు. పక్కన చెంబు ఉంది, అప్పటికి ఎన్నోసారి నింపుకున్నాడో. కామమ్మ వచ్చి వల అవతలి కొస పట్టుకుని కూర్చుంది.

"పదారు నెలలు ఉప్పు మింగినావు. నాకెందుకు జెప్పలా?"

అతను చిక్కు మీదనుంచి చూపు తిప్పలేదు. "ఆమె చెప్పిందా?"

"ఆమెకు జెప్పినావుగా. నాకెందుకు జెప్పలా?"

చాలాసేపు ముడి విప్పాడు. విప్పిన ముడినే మళ్ళీ తడుముతూ అన్నాడు. "మొదట్లో చెప్దామనే అనుకున్నా. ఒకరోజు నోటిదాకా వచ్చింది. ఆ మాట మన పిల్ల చెప్పేది గదే. నేను జెప్పినానంటే, ఇంక అది చెప్పదని తేల్చేసినట్టే గదా."

కామమ్మ వల కొస వదల్లేదు. సముద్రం మీద వెలుతురు ఉన్నంతసేపూ ఇద్దరూ ఆ వల విప్పారు. మధ్యలో ఒకసారి ఆమె చెరగుతో మొహం తుడుచుకుంది. అతను చూడనట్టే ఉన్నాడు.

మరునాడు తెప్పకు చిన్న చేపలే పడ్డాయి. కవళ్ళు. కామమ్మ వాటితోనే పులుసు పెట్టింది. రెండో ఉప్పు వేయలేదు. అన్నం వడ్డించి, పులుసు పోసి, ఎదురుగా చతికిలబడి కూర్చుంది.

"చెప్పు."

చిన్నపోలయ్య ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. మింగటానికి చాలాసేపు పట్టింది. కంచం వైపు చూశాడు, గడప వైపు చూశాడు, చివరికి ఆమె వైపు చూశాడు.

"చాల్లేదే," అన్నాడు.

ఆమె ఉప్పు చట్టి తెచ్చి ముందు పెట్టింది. "ఎంత?"

"చిటికెడు."

వేసింది. అతను మళ్ళీ కలిపి తిన్నాడు.

"ఇంకాస్త."

వేసింది. ఈసారి అతను ఏమీ అనకుండా నాలుగు ముద్దలు తిన్నాడు. నీళ్ళ చెంబు ముట్టుకోలేదు. కామమ్మకు ఊరుకోబుద్ధి కాలేదు.

"ఆమె పులుసంత ఉండాదా?"

చిన్నపోలయ్య నమలటం ఆపి ఆలోచించాడు. అడిగింది ఎవరో, అడిగింది ఎందుకో తెలిసి కూడా నిజంగానే ఆలోచించాడు.

"లేదు," అన్నాడు.

"లేదా?"

"కవళ్ళు గదా. ఆమె వంజరం పెట్టింది."

కామమ్మ మొహం ఎర్రబడింది. ఉప్పు చట్టి మీద మూత ఠకీమని పెట్టింది.

"అయితే రేపు వంజరం పడితే ఎవరికీ అమ్మబాక," అంది. "ఇంటికి తీసకరా. అప్పుడు జూస్తా."